తాళంచెవి ఎవరి జేబులో?

హనుమకొండలో నేను చదివిన బడిలో లైబ్రరీ అంటే హెడ్మాస్టర్ గదిలోని ఇనుప బీరువా. తాళంచెవి సారు జేబులో. పుస్తకం అడిగితే "పోతే ఎవరు కడతరు?" అనేవారు. స్టాక్ రిజిస్టర్ లెక్క తప్పితే తన జీతంలోంచి పోతుందని ఆయన టెన్షన్. అందుకే అందులో పుస్తకాలన్నీ కొత్తవే, చెమ్మకు పేజీలు అతుక్కుపోయినా సరే. ఫలానా పుస్తకం పిల్లలకు తగదు, తీసేయండి అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ బీరువానే గుర్తొస్తుంది. మన దగ్గర చదువుకు నిషేధం కన్నా 'ఇజాజత్', అంటే అనుమతి, ఎక్కువ అడ్డం పడింది.

నిజాం కాలంలో పైచదువు, సర్కారు కచేరీ అంతా ఉర్దూ. తెలుగు పుస్తకానికి ఓ చోటు కావాలని 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. గ్రంథాలయం అనలేదు, భాషానిలయం అన్నారు. తలదాచుకోను చోటు లేనిది భాషకే మరి! 1920ల్లో ఖాన్గీ (ప్రైవేటు) బడికి ముందుగా అనుమతి తెచ్చుకోవాలన్నారు. గస్తీ నంబర్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వుతో సభకూ అంతే. లైబ్రరీ వార్షికోత్సవమూ సభే కదా. పుస్తకాలు తగలబెట్టే పనే లేదు, దరఖాస్తును బల్ల మీద ఆపితే చాలు.

ఊరూరా పుస్తకాలు మోసుకెళ్లి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి, కవి దాశరథి ఇద్దరూ నిజామాబాద్ జైల్లో ఉన్నారు. దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యం రాస్తే జైలువాళ్లు చెరిపేసేవారని, ఆళ్వారుస్వామి మళ్లీ రాసేవారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1955లో హైదరాబాదు రాష్ట్రానికి, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటి పన్నుతో పాటు సెస్సు కడుతున్నాం. పుస్తకం మన డబ్బుదే, ఎంపిక మాత్రం మనది కాదు.

వరంగల్ జిల్లా పాపయ్యపేటలో పుట్టిన రచయిత కంచ ఐలయ్య పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాదే ఢిల్లీ యూనివర్సిటీ కమిటీ ఒకటి ఆయన పుస్తకాలు మూడింటిని ఎంఏ సిలబస్ నుంచి తీసేయమని సిఫార్సు చేసింది. ఆ పుస్తకాలతో ఏకీభవించాలా వద్దా అన్నది వేరే సంగతి.

ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేయాలంటే కారణాలు రాసి నోటిఫికేషన్ ఇవ్వాలి. దాని మీద రెండు నెలల్లోగా హైకోర్టుకు పోవచ్చు. సిలబస్‌లోంచి జారిపోయిన పేరుకు, కొనుగోలు జాబితాకే ఎక్కని పుస్తకానికి, సారు జేబులోని తాళంచెవికి ఆ నోటిఫికేషన్ ఉండదు.