వేపలోని శిలీంధ్రం, డాక్టరు రాసిన మాత్ర: అపోహలు - వాస్తవాలు

నేను ఎండోఫైట్ శిలీంధ్రాల (మొక్కల కణజాలం లోపల, వాటికి జబ్బు చేయకుండా బతికే బూజుల) మీద పనిచేస్తున్నానని తెలిసినప్పటి నుంచి బంధువులు అడిగే ప్రశ్న ఒక్కటే: "వేపలో ఉండే బూజే యాంటీబయోటిక్ తయారుచేస్తుందట కదా, ఇక మాత్రలెందుకు?"

ఇందులో సగం నిజం. వేప వేరు నుంచి తీసిన క్లోరిడియం అనే ఎండోఫైట్ జావానిసిన్ అనే యాంటీబయోటిక్ పదార్థాన్ని తయారుచేస్తుందని, అది సూడోమోనాస్ బ్యాక్టీరియా మీద బలంగా పనిచేస్తుందని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ప్రచురించారు. అయితే అది వేపాకు నమిలితే ఒంట్లోకి చేరేది కాదు. శిలీంధ్రాన్ని విడిగా, ద్రవ మాధ్యమంలో రోజుల తరబడి పెంచి, ద్రావణితో తీసి శుద్ధి చేస్తే దక్కే పదార్థమది. పైగా ఒకే చెట్టులో ఆకుకూ వేరుకూ, వానాకాలానికీ ఎండాకాలానికీ ఈ శిలీంధ్రాలు మారిపోతుంటాయి.

బ్యాక్టీరియాను పెంచే అగార్ ప్లేటు మీద, పరీక్షించే పదార్థం వేసిన కాగితపు డిస్క్ చుట్టూ జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) వచ్చినంత మాత్రాన మందు దొరికినట్లు కాదు. బ్లీచింగ్ ద్రావణం చుక్క వేసినా జోన్ వస్తుంది. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో నాకూ ఒకసారి పెద్ద జోన్ వచ్చింది. సంబరపడి ఫొటోలు కూడా తీసుకున్నాను. మర్నాడు శిలీంధ్రం నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా, దాన్ని కరిగించే ద్రావణి అయిన ఉత్త మిథనాల్ వేసిన డిస్క్ పెట్టి చూస్తే దాని చుట్టూ కూడా అంతే జోన్! మిథనాల్ ఆరకముందే డిస్కులు పెట్టేశానన్నమాట.

షుగర్ ఉన్న మా మేనత్త కాలి పుండుకు వేపాకు ముద్ద కట్టుకుని, యాంటీబయోటిక్ కోర్సును మూడో రోజే ఆపేసింది. చివరికి వేలు తీసేయవలసి వచ్చింది. ఆమెను తప్పుపట్టలేను, మాత్రలు వేసుకున్నప్పుడల్లా కడుపులో మంట, వేప మీదేమో చిన్ననాటి నమ్మకం. వేప ఉంటే మాత్రలెందుకంటూ ఫోన్లో వచ్చిన సందేశాన్ని చదవకుండా ఆమెకు పంపినవారి మీదే నా కోపం. మాత్రలు పడకపోతే ఆ సంగతి రాసిన డాక్టరుకే చెప్పి మార్పించుకోవాలి.

ఎండోఫైట్ల నుంచి మందులే రావన్నదీ అపోహే. జునిపర్ అనే మొక్క ఆకుల్లోని హార్మోనెమా శిలీంధ్రం ఇచ్చిన ఎన్‌ఫ్యూమాఫంజిన్ అనే పదార్థాన్ని రసాయనికంగా మార్చి రూపొందించిన ఐబ్రెక్సాఫంజెర్ప్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి లభించింది. యోనిలో వచ్చే కాండిడా అనే శిలీంధ్రపు ఇన్ఫెక్షన్‌కు వాడేందుకు ఇచ్చిన అనుమతి అది. అక్కడ కూడా రోగి మింగేది మాత్రనే, జునిపర్ ఆకును కాదు.

ఇక సహజమైనది కనుక హాని చేయదంటారా, టాల్ ఫెస్క్యూ గడ్డిలోని ఎండోఫైట్ తయారుచేసే ఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలతో అమెరికాలో పశువులు జబ్బు పడుతున్నాయి.