పొగగొట్టం నుంచి జీతపు చీటీ దాకా: హరిత హెచ్‌ఆర్ నేపథ్యం

కంప్రెసర్ గాలి పైపుకు 3 మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకోండి. 7 బార్ పీడనం దగ్గర ఆ ఒక్క చిల్లు సుమారు 3 నుంచి 4 కిలోవాట్ల కరెంటు తినేస్తుంది. ఏడాదికి 8,000 గంటలు నడిచే ఫ్యాక్టరీలో అది 24,000 నుంచి 32,000 యూనిట్లు. ఆ బుస్సుమనే చప్పుడు పక్కనున్న ఆపరేటర్‌కు రోజూ వినిపిస్తూనే ఉంటుంది. కానీ అతని ఇన్సెంటివ్ లెక్కించేది గంటకు తీసిన పీసులను బట్టి. లైను ఆపించి లీకు బాగుచేయిస్తే ఆ నష్టం అతని జేబుకే. ఉద్యోగుల నియామకం, శిక్షణ, మదింపు, జీతాల్లో పర్యావరణ లక్ష్యాలను కలపాలన్న ‘హరిత మానవ వనరుల నిర్వహణ’ ఆలోచన వెనక ఉన్న అసలు చిక్కు ఇది.

పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి 1972లో జరిపిన స్టాక్‌హోం సదస్సు నాటికి కాలుష్యమంటే యంత్రాల వ్యవహారమే. పొగగొట్టానికి ఫిల్టరు, కాలువ చివర శుద్ధి ప్లాంటు పెడితే సరిపోతుందనుకున్నారు. వ్యర్థం పుట్టే చోటే ఆపాలంటూ త్రీఎం సంస్థ 1975లో ‘పొల్యూషన్ ప్రివెన్షన్ పేస్’ (కాలుష్యాన్ని ఆపితే లాభమే) అనే కార్యక్రమం మొదలుపెట్టి, ఆలోచనలు ఉద్యోగులనే అడిగింది.

ఇంతకన్నా ఎక్కువ నేర్పేది డౌ కెమికల్ లూసియానా విభాగం అనుభవం. 1982లో అక్కడ కెన్ నెల్సన్ అనే ఇంజినీర్ ఇంధన పొదుపు పోటీ పెట్టారు. ఖర్చు 2 లక్షల డాలర్లు దాటకూడదు, పెట్టిన డబ్బు ఏడాదిలో తిరిగి రావాలి. మొదటి ఏడాది 27 ప్రాజెక్టులు నెగ్గాయి. సులువైనవన్నీ అయిపోతే పోటీ సద్దుమణుగుతుందనుకోవడం సహజం. జరిగింది వేరు: ఏళ్లు గడిచేకొద్దీ ప్రాజెక్టుల సంఖ్య పెరిగింది. అలాంటి పోటీ 1993లో నెల్సన్ రిటైరయ్యాక ఆగిపోయింది. ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన పని ఆ మనిషితోనే పోతుందన్నది దీన్నుంచి నేర్చుకోవాల్సిన పాఠం. నియామకం, శిక్షణ, మదింపు, జీతం అనే నాలుగింటిలో కలిస్తేనే అది సంస్థ పని అవుతుంది.

1996లో సంస్థల పర్యావరణ నిర్వహణకు వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14001 శిక్షణ, అవగాహన, సామర్థ్యాలను తప్పనిసరి చేసింది. వాల్టర్ వెర్‌మేయర్ సంపాదకత్వంలో ‘గ్రీనింగ్ పీపుల్’ పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. అయితే చాలాచోట్ల శిక్షణ హాజరు పట్టీలో సంతకాలకే పరిమితమైంది. అది ఆడిట్‌లో ఇట్టే బయటపడుతుంది. రాత్రి షిఫ్ట్‌లో ఒకరిని ఆపి “ఈ సాల్వెంట్ డ్రమ్ము ఒలికితే ముందు ఏం చేస్తారు?” అని అడిగితే చాలు. డ్రెయిన్ మూత ఎక్కడుందో, పీల్చే ఇసుక ఎక్కడుందో చేత్తో చూపించగలగాలి. డ్రమ్ములు మోసేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు. శిక్షణ జాబితాలో లేనిదీ వాళ్లే. సంస్థ తరఫున పనిచేసే వారందరినీ ఐఎస్‌ఓ ప్రమాణానికి చేసిన 2004 సవరణ లెక్కలోకి తెచ్చినా, ఈ లోటు ఇంకా పూడలేదు.

పరిశోధకులు రెన్విక్, రెడ్‌మన్, మాగ్వైర్‌ల 2013 సమీక్ష హరిత హెచ్‌ఆర్ అంశాన్ని మూడు మాటల చుట్టూ పేర్చింది: సామర్థ్యం, ప్రేరణ, అవకాశం. ఫ్యాక్టరీలు ఎక్కువగా తడబడేది రెండో దాని దగ్గరే. మొత్తం కరెంటు యూనిట్లపై టార్గెట్ పెడితే, ఆర్డర్లు తగ్గిన నెలలో ఎవరూ ఏమీ చేయకుండానే బోనస్ వస్తుంది. టన్ను ఉత్పత్తికి ఇన్ని యూనిట్లంటే అదే నెలలో సూపర్‌వైజర్ అన్యాయంగా దెబ్బతింటాడు. ఉత్పత్తి సగమైనా లైట్లు, ఫ్యాన్లు, కంప్రెసర్ కనీస లోడు సగం కావు. అందుకే ఆ స్థిర వాడకాన్ని విడిగా కొలిచి, మిగిలిన దాన్నే టన్నులతో భాగించాలి. వ్యర్థం బరువు మీద బోనస్ పెడితే మరో తంటా: చెత్త పక్క విభాగం డబ్బాల్లోకి చేరుతుంది. గేటు దగ్గరి మొత్తం తూకంతో విభాగాల లెక్కలు సరిపోలాకే బోనస్ ఇవ్వాలి.

లీకుల విషయంలో పద్ధతి చిన్నదే. చప్పుడు విన్నవారు నంబరు, తేదీ రాసిన ట్యాగ్ కడతారు, మెయింటెనెన్స్‌వాళ్లు గడువులోగా బాగుచేస్తారు. లైను ఆగిన నిమిషాలను ఆ షిఫ్ట్ టార్గెట్‌లోంచి తీసేయాలి. ఈ చివరి పని హెచ్‌ఆర్, ప్రొడక్షన్ కలిసి సంతకం చేస్తే తప్ప జరగదు. అది జరగని చోట మొదటి వారం తర్వాత ట్యాగులు కనబడవు, లీకులు మాత్రం అలాగే ఉంటాయి.