ఫిజియోథెరపీలో పై చదువు: ఎకరం అమ్మే ముందు ఇది చదవండి

మొన్న ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని అమలాపురంలో మా క్లినిక్‌కి వచ్చారు. మోకాలి నొప్పి కాబోలు అనుకున్నా. "మావాడికి ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ అయిపోయిందండి, అమెరికాలో డీపీటీ చేస్తే డాక్టరేటే కదండి, ఓ ఎకరం తీసేద్దామనుకుంటున్నాం" అన్నారు. కుర్రాడిని నీకేం చదవాలనుందిరా అంటే నాన్న వైపు చూశాడు.

అపోహ: డీపీటీ అన్నా పీహెచ్‌డీ అన్నా ఒకటే.

కాదండి. డీపీటీ అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. పేరులో డాక్టర్ ఉన్నా అది అక్కడ ఫిజియోగా పనిచేయడానికి చదివే మొదటి డిగ్రీ, దాదాపు మూడేళ్ళు, ఫీజు మామూలుగా మన జేబులోంచే. పీహెచ్‌డీ పరిశోధన కోసం, నాలుగైదేళ్ళు పట్టొచ్చు, కానీ చాలా రీసెర్చ్ యూనివర్సిటీల్లో ల్యాబులోనో క్లాసులోనో పనిచేస్తే ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎకరం దేనికి అమ్ముతున్నారో చూసుకోండి మరి.

అపోహ: అక్కడ మాస్టర్స్ చేస్తే లైసెన్స్ వచ్చేస్తుంది.

రాదు. మన చదువు అక్కడి చదువుకి సరితూగుతుందో లేదో లెక్కగట్టించుకోవాలి, ఎన్‌పీటీఈ అనే ఫిజియోల లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి, పైగా రాష్ట్రానికో రూలు.

అపోహ: పై చదువుకెళ్తే కొత్త టెక్నిక్‌లు నేర్పిస్తారు.

నేనూ ఇలాగే అనుకుని వెళ్ళా. పక్షవాతం వచ్చిన మా ఊరి పెద్దాయన్ని మూడు నెలల్లో నడిపించానని మా గైడ్‌కి గొప్పగా చెబితే, "మొదటి మూడు నెలల్లో కొంత దానంతటదే తిరిగొస్తుంది కదా, అది తీసేస్తే ఇందులో నీ వాటా ఎంత?" అన్నారు. నోట మాట రాలేదు. పక్షవాతానికి పావురం రక్తం రాసే నాటువైద్యులకి పేరొచ్చేది కూడా ఆ మూడు నెలల్లోనే అని తట్టాక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

అక్కడ నేర్పేది ఆ వాటా తేల్చడమే. అమెరికాలో పక్షవాతం వచ్చిన 408 మందితో చేసిన లీప్స్ అధ్యయనం 2011లో వచ్చింది. అందులో ఒంటి బరువంతా కాళ్ళ మీద పడకుండా బెల్టులు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించినా, ఫిజియో ఇంటికెళ్ళి ఎక్సర్‌సైజులు చేయించినా ఏడాదికి నడకలో వీళ్ళకీ వాళ్ళకీ తేడా రాలేదు. (ఇక్కడేమో కరెంటు మెషిన్ పెట్టకుండా పంపిస్తే వైద్యమే చేయలేదంటారు.) అలాగని ఇంట్లోవాళ్ళకి నేర్పిస్తే సరిపోతుందా? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగులతో చేసిన అటెండ్ అధ్యయనం 2017లో వచ్చింది. ఇంటివాళ్ళకి శిక్షణ ఇచ్చి చేయించినా ఆరు నెలలకి మామూలు వైద్యం కంటే అదనపు లాభం కనిపించలేదు. బాగా పనిచేస్తుందని అందరం అనుకున్నదే. అయినా దాచకుండా ప్రచురించారు చూడండి, నాకు అది నచ్చింది.

అపోహ: పరిశోధన ల్యాబులకే, పల్లెటూరి క్లినిక్‌లో దానికేం పని.

మా క్లినిక్ గచ్చు మీద మూడు మీటర్లకి ఎర్ర టేపు అతికించా. కుర్చీలోంచి లేచి, టేపు దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి, స్టాప్‌వాచ్ నా చేతిలో. రావులపాలెం అరటి మార్కెట్లో పనిచేసే ఒకాయనకి మొదటిరోజు 24 సెకన్లు పట్టింది, పోయిన వారం 17. ఇప్పుడు కరెంటు సంగతి ఎత్తట్లేదు, కూర్చుంటూనే "ఇవాళ ఎంతండి?" అంటున్నారు.