కొత్త బాత్రూం టైల్స్ కంటే ముందు నీళ్లు చూడండి

నల్లటి మ్యాట్ కుళాయిలు, గాజు పార్టిషన్, గోడకు వేలాడే కమోడ్. మోడరన్ బాత్రూం అంటే ఇప్పుడు అందరూ అడిగేది ఇవే. అయితే కల్యాణి డ్యాం, తెలుగు గంగ నీళ్లు వచ్చే తిరుపతి ఇంటికీ, బోరే దిక్కయిన చిత్తూరు ఇంటికీ ఒకే బాత్రూం నప్పదు. ఆర్నెల్ల తర్వాత అది ఎలా కనపడుతుందో తేల్చేది నీళ్లే.

నీళ్ల పరీక్షకు టీడీఎస్ పెన్ను చాలదు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది. మనకు కావలసింది అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్నది. దాన్నే కఠినత్వం, అంటే హార్డ్‌నెస్ అంటారు. హార్డ్‌నెస్ కిట్ కొని గిన్నెలో కాసిని నీళ్లు తీసుకుని రంగు మందు వేస్తే ద్రాక్షరసంలా ఎర్రబడతాయి. రెండో మందు చుక్క చుక్కగా వేస్తూ పోతే ఒకచోట ఎరుపు పోయి నీలం వస్తుంది. ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కేసి, కిట్‌లో చెప్పినట్టు కఠినత్వం కట్టుకోవడమే. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన కఠినత్వం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

మీ బోరులో 500 వచ్చిందనుకోండి. 20 లీటర్ల బకెట్‌లో 10 గ్రాముల సున్నపు సరుకు ఉన్నట్టు. స్నానం తర్వాత గాజు మీద రోజుకు 100 మిల్లీలీటర్లు ఆరిపోతే ఏడాదికి దాదాపు 18 గ్రాములు ఆ అద్దానికే అంటుకుంటాయి. ఆరుతున్న చుక్కను దగ్గరగా చూడండి. అంచు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ నీరు ముందు ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతూ సున్నాన్ని మోసుకెళ్తుంది. అందుకే మరక నిండుగా ఉండదు, ఉంగరంలా ఉంటుంది. రేపటి చుక్క ఆ ఉంగరం మీదే నిలుస్తుంది.

అందుకని కఠినత్వం 300 దాటిన ఇంట్లో నల్ల కుళాయి జోలికి వెళ్లకపోవడమే మంచిది. తెల్లపొర దాని మీద కనపడినట్టు ఇంకెక్కడా కనపడదు. బ్రష్డ్ స్టీల్ ఫినిష్ దాన్ని దాస్తుంది. గాజు కావాలంటే 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు పెట్టి, పక్కనే రబ్బరు వైపర్ తగిలించండి. స్నానం కాగానే రెండు లాగులు లాగితే సరి. ఆ ఓపిక లేని ఇంట్లో గాజు కంటే నాలుగడుగుల అడ్డగోడ నయం.

పొర పట్టాక యాసిడ్ పోయడం మనవాళ్ల అలవాటు. అది సున్నంతో పాటు టైల్స్ సందుల్లోని వైట్ సిమెంటునూ తినేస్తుంది, క్రోమ్ మెరుపు పోగొడుతుంది. కడప బండ కూడా సున్నపురాయే కాబట్టి అల్మరా పలకలు గరుకెక్కుతాయి. కుళాయికైతే వెనిగర్‌లో తడిపిన గుడ్డ పావుగంట చుట్టి కడిగేస్తే చాలు. బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. సందులు నింపడానికి సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్ ముద్ద) వాడండి. అది నీరు పీల్చదు. కానీ కలిపాక తొందరగా గట్టిపడుతుంది, కొద్దికొద్దిగానే కలపమనండి.

ఇక వాటం. మీటరుకు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు ఉండాలి. ఎనిమిదడుగుల గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు రెండున్నర నుంచి 3 సెంటీమీటర్ల దిగుడు. రెండడుగులు, నాలుగడుగుల టైల్స్‌తో మూలనున్న జాలీ వైపు రెండు పక్కల నుంచీ వాటం తేవాలంటే వాటిని ఐమూలగా కోయాలి. మేస్త్రీ కోయకపోతే మధ్యలో నీరు నిలుస్తుంది, అక్కడే తెల్లమరక. పెద్ద టైల్ మీద మనసైతే ఒక గోడ పొడవునా పొడుగు డ్రెయిన్ పెట్టించండి, వాటం ఒక్క దిక్కుకే సరిపోతుంది. నేలకు నునుపు టైల్ వద్దు, కాలు జారకుండా పట్టు ఎంతో చెప్పే ఆర్ రేటింగ్ చూసి ఆర్10 గానీ ఆర్11 గానీ అడగండి.

రెయిన్ షవర్ కొనేముందు ట్యాంకు చూసుకోండి. మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడే వస్తుంది. పై అంతస్తులో షవర్‌కి 2 మీటర్ల పైన ట్యాంకు ఉంటే 0.2 బార్. పెద్ద షవర్‌కి 1 బార్ దాకా కావాలి, లేకపోతే వాన కాదు, చూరు నీళ్లే. ట్యాంకు స్టాండ్ మరో మీటరు లేపినా పెరిగేది 0.1. ప్రెషర్ పంపు పెట్టాలి, లేదా చిన్న షవర్‌తో సరిపెట్టుకోవాలి. రంధ్రాలకు సిలికాన్ మొనలున్నవి ఎంచుకుంటే పట్టిన సున్నం బొటనవేలితో రుద్దితే రాలిపోతుంది.

వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయాలి, రెండోది మొదటిదానికి అడ్డంగా. షవర్ గోడకు ఆరడుగుల ఎత్తు, మిగతా గోడలకు అడుగు. ఎండాక జాలీ మూసి అంగుళం నీరు నిలిపి 48 గంటలు ఉంచండి. నీరు కాస్త తగ్గగానే లీకేజీ అనుకోవద్దు, మన ఎండలకు ఆవిరీ ఉంటుంది. పక్కన వెడల్పు తొట్టిలో నీళ్లు పెట్టి రెండు చోట్లా పెన్సిల్ గీత పెట్టండి. తొట్టి కంటే నేల మీద ఎక్కువ తగ్గితేనే అనుమానించాలి.

గోడలో దాచే పైపులకు టైల్స్ పడకముందే ఫోటోలు తీయండి. నేల నుంచీ, మూల నుంచీ టేపు పట్టి అంకెలు కనపడేలా తీయాలి. అద్దం తగిలించడానికి డ్రిల్లింగ్ చేసే రోజున మేస్త్రీ అడిగేది ఆ ఫోటోనే.