క్లియరెన్స్ పోగొట్టేది తప్పా, దాపరికమా?

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్సుల, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసేందుకు, కీలక చోట్ల పనిచేసేందుకు ఇచ్చే అనుమతుల గొడవ మళ్లీ రాజుకుంది. ఎవరికి ఇచ్చారు, ఎవరికి పీకేశారు అన్న వాదనల్లో అసలు సంగతి మరుగున పడుతోంది. 1950ల నాటి కమ్యూనిస్టుల వేట చాలామందికి తెలిసిందే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే మాత్రం 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిన ఈగన్ కేసు చూడాలి.

థామస్ ఈగన్ పెద్ద హోదా ఉన్నవాడేమీ కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో, ట్రైడెంట్ జలాంతర్గాములకు మరమ్మతులు చేసే నౌకాదళ కేంద్రంలో 1981లో కూలీగా చేరాడు. అక్కడ కూలీకి కూడా క్లియరెన్స్ ఉండాల్సిందే. ఆరా తీస్తే పాత శిక్షలు బయటపడ్డాయి. ఒకటి దాడి కేసు, ఇంకొకటి నేరస్థుడై ఉండి తుపాకీ దగ్గర పెట్టుకున్న కేసు. తూటాలు నింపిన తుపాకీతో తిరిగినందుకు అంతకుముందు పడ్డ మరో రెండు శిక్షల ఊసే దరఖాస్తులో లేదు.

శిక్ష అనుభవించేశాను కదా అన్నాడు ఈగన్. ఏడేళ్లు దాటినవి కూడా రాయాలని ఫారం చదివితే తనకు అనిపించలేదన్నాడు. మూడేళ్లుగా తాగుడు సమస్య లేదన్నాడు. తన గురించి పైవాళ్లు మంచిగా రాసిచ్చిన కాగితాలూ జతచేశాడు. అయినా క్లియరెన్స్ నిరాకరించారు, దాంతో 1983లో ఉద్యోగం పోయింది. నిజంగా దాచాడా, ఫారం అర్థంకాక వదిలేశాడా? మనిషి బతుకు ఆధారపడ్డ ఆ ప్రశ్నలోకి సుప్రీంకోర్టు వెళ్లనేలేదు. పద్ధతి ప్రకారం చేశారో లేదో చూడొచ్చు తప్ప, క్లియరెన్స్ నిరాకరణ సబబా కాదా అన్నది బయటివాళ్లు తేల్చలేరని 5-3తో తీర్పిచ్చింది. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదంది. ఆ అధికారం సర్వసేనానిగా అధ్యక్షుడి నుంచి వస్తుందనీ చెప్పింది.

ఆ తర్వాత నిబంధనలు కాస్త మెరుగుపడ్డాయి. లైంగిక ధోరణి ఒక్కటే కారణంగా అనుమానించకూడదని 1995లో క్లింటన్ ఉత్తర్వు ఇచ్చారు. 2017 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో వ్యక్తిగత ప్రవర్తనకు విడిగా ఒకటి ఉంది. తీసేసిన ఉద్యోగాన్ని ‘నేనే మానేశాను’ అని క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో కావాలని రాస్తే, ఉద్యోగం పోయిన కారణం కన్నా ఆ అబద్ధమే మెడకు చుట్టుకుంటుంది. దాచిన విషయం బ్లాక్‌మెయిల్‌కు పనికొస్తుందన్నది ప్రభుత్వ వాదన, అందులో పస ఉంది. అయితే అధికారులు నిలదీయకముందే తనంతట తాను వెంటనే సరిదిద్దుకుంటే అది అనుకూలంగా లెక్కలోకి వస్తుంది.

ఆ వెసులుబాటు పైస్థాయిలో ఎలా పనిచేసిందో చూడండి. విదేశీయులతో పరిచయాల వివరాలు లేకుండానే ట్రంప్ అల్లుడు జేరెడ్ కుష్నర్ ఫారం 2017లో వెళ్లింది. సిబ్బంది పొరపాటున ముందే పంపేశారని ఆయన తరఫువారు చెప్పారు. పలుమార్లు సవరించాక, 2018లో శాశ్వత క్లియరెన్స్ వచ్చింది. వైట్‌హౌస్‌లో 25 మందికి క్లియరెన్స్ వద్దని తేల్చినా పైవాళ్లు తోసిపుచ్చారని అక్కడి అధికారిణి ఒకరు 2019లో కాంగ్రెస్ కమిటీకి చెప్పారు. 2025 జనవరి 20న ట్రంప్ ఇంకో అడుగు వేశారు. వైట్‌హౌస్ న్యాయసలహాదారు జాబితాలో పేరుంటే చాలు, విచారణ పూర్తికాకపోయినా అత్యున్నత స్థాయి తాత్కాలిక క్లియరెన్స్ ఆరు నెలల దాకా ఇవ్వాలని ఆదేశించారు. ఈగన్ మొర వినక్కర్లేదన్న తీర్పే ఇప్పుడు అధ్యక్షుడి వైపు వాదించేవాళ్లకు పెద్ద అండ.