అపోహలు - వాస్తవాలు: ‘ఏ ఫార్ములా వెయ్యాలి సర్?’

ఫిజిక్స్, జామెట్రీ హోంవర్క్ లెక్కలు చెప్పడానికి కూర్చుంటే రోజూ వినే మాట ఇదే. ప్రశ్న పూర్తిగా చదవకముందే అడుగుతారు. తల్లిదండ్రులు కూడా ‘ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, లెక్క మాత్రం రావట్లేదు’ అని బాధపడతారు.

అపోహ: ఫార్ములాలు వస్తే లెక్కలు వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. ముందు బొమ్మ, తర్వాత దిశ, ఆ తర్వాతే ఫార్ములా.

40 మీటర్ల టవర్ మీద నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. నేలను ఎంతసేపట్లో తాకుతుంది? జీ (భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం, అంటే వేగం మారే రేటు) విలువ 10 అనుకుందాం, గాలి సంగతి వదిలేద్దాం. చాలామంది స్థానభ్రంశం (మొదలైన చోటు నుంచి చేరిన చోటుకి దూరం, దిశతో సహా) 40, తొలివేగం 10, త్వరణం 10 అని గబగబా వేసేస్తారు. 2 సెకన్లు వస్తుంది. చక్కటి పూర్ణాంకం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ అది బంతిని కిందికి విసిరితే వచ్చే సమాధానం!

ఒకమ్మాయి ఈ లెక్కనే చెరిపి చెరిపి కాగితం చిరిగేదాకా చేసింది. కళ్లలో నీళ్లు. ఫార్ములాల పేజీ మూసేసి, బంతి ఎలా వెళ్తుందో చేత్తో చూపించమన్నాను. చెయ్యి పైకి వెళ్లింది, ఒక్క క్షణం ఆగింది, దిగుతూ దిగుతూ మొదలైన చోటు దాటి బల్ల కిందికి పోయింది. ‘మొదలైన చోటు కంటే కిందికి వచ్చేసింది కదా సర్... అయితే 40కి మైనస్సా?’ అంది. అంతే, పైకి ప్లస్ అనుకుంటే స్థానభ్రంశం మైనస్ 40, త్వరణం మైనస్ 10, తొలివేగం ఒక్కటే ప్లస్. సమాధానం 4 సెకన్లు. సరిచూసుకోవడమూ తేలికే: 1 సెకనులో 5 మీటర్లు ఎక్కుతుంది, అక్కడి నుంచి 45 మీటర్లు పడటానికి 3 సెకన్లు.

నేను కూడా మొదట్లో బోర్డు మీద ముందు ఫార్ములానే రాసేవాణ్ణి. పిల్లలు అదే నేర్చుకున్నారు. ఆ తప్పు నాదే.

జామెట్రీలోనూ ఇంతే. ఒక వృత్తం వ్యాసార్ధం 13 సెంటీమీటర్లు, జ్యా (వృత్తం మీది రెండు బిందువుల్ని కలిపే గీత) 24. కేంద్రం నుంచి జ్యాకి దూరమెంత? ప్రశ్నలో లేని గీతలు రెండు మనమే గియ్యాలి: కేంద్రం నుంచి జ్యాకి లంబం, జ్యా చివరికి వ్యాసార్ధం. లంబం జ్యాని సగం చేస్తుంది కాబట్టి 12, 13 దొరికాయి, దూరం 5. గీతలు పడేదాకా పైథాగరస్‌కి అక్కడ పనే లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బొమ్మలో లంబంగా కనిపిస్తే 90 డిగ్రీలేనా? కాదు, ప్రశ్నలో ఇవ్వాలి, లేదా మీరు నిరూపించాలి. పైకి విసిరిన బంతికి శిఖరం దగ్గర త్వరణం సున్నానా? వేగమే సున్నా, త్వరణం అప్పుడూ 10, కిందికే. వెళ్లేటప్పుడు గంటకు 60, అదే దారిలో వచ్చేటప్పుడు 40 కిలోమీటర్లయితే సగటు 50 కాదు, 48. నెమ్మదిగా వచ్చిన దారిలో ఎక్కువ సేపు పట్టింది మరి.

‘ఫిజిక్స్ బుర్ర పుట్టుకతో రావాలి’ అని ఎవరో అన్న మాట పట్టుకుని పిల్లల్ని భయపెట్టకండి, దయచేసి. ఒక్క లెక్క మీద అరగంట కూర్చోవడం మొద్దుతనం కాదు. టెన్షన్ పడే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: తప్పుగా గీసిన బొమ్మనైనా చెరపకుండా అలాగే తీసుకురండి. ఎక్కడ దారి తప్పారో నాకు అందులోనే కనబడుతుంది.