నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల బాధ్యత: అపోహలు - వాస్తవాలు

అపోహ: "సరుకు అప్పజెప్పి బిల్లు తీసుకున్నాక, దాన్ని ఎవరి మీద వాడితే మాకేం?"

వాస్తవం: కత్తి అమ్మిన కొట్టువాడు దానితో జరిగే నేరానికి బాధ్యుడు కాడన్న పోలిక ఇక్కడ నప్పదు. నెల్లూరులోనో ఒంగోలులోనో కెమెరాల పనికి సబ్‌కాంట్రాక్టు తీసుకున్న చిన్న సంస్థ కూడా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పేరుతో ఏళ్ల తరబడి ఆ కెమెరాల సర్వర్‌లోకి లాగిన్ అవుతూనే ఉంటుంది. అప్‌డేట్లు, లైసెన్స్ కీ దాని చేతిలోనే ఉంటాయి. తన ఉత్పత్తితో ముడిపడిన హానిని కంపెనీ ముందే గుర్తించి, నివారించే ప్రయత్నం చేయాలని వ్యాపారం, మానవ హక్కులపై 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. అమ్మాక ఆపలేమన్నదీ నిజం కాదు. 2025 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఇజ్రాయెల్ రక్షణ శాఖలోని ఒక విభాగానికి కొన్ని క్లౌడ్, ఏఐ సేవలు నిలిపేసింది.

అపోహ: "మా ఫేస్ రికగ్నిషన్ 99.9 శాతం కరెక్టు."

వాస్తవం: నెల్లూరు చెరువు గట్టునున్న బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు ఇలాంటి వ్యవస్థ పెట్టారనుకుందాం. రోజుకు 2 లక్షల ముఖాలు, వెయ్యికి ఒక తప్పు. అంటే 200 మంది అమాయకుల మీద అలారం మోగుతుంది. పోలీసులు వెతికే జాబితాలోని దొంగలు పదిమంది వచ్చి, అందరూ పట్టుబడినా, మోగిన ప్రతి 21 అలారాల్లో 20 తప్పుడువే. పైగా చెరువు గట్టున ఎదురెండ, తలమీద కొంగు. "ఒక్కడూ దొరకడం లేదు" అన్న ఒత్తిడికి ఎవరో థ్రెషోల్డ్ (ముఖం ఎంత పోలితే అలారం మోగాలన్న హద్దు) తగ్గిస్తారు, తప్పులు ఇంకా పెరుగుతాయి. అందుకే థ్రెషోల్డ్ మార్పుకు ఇద్దరు అధికారుల లాగిన్ తప్పనిసరి చేయాలి. డెమోలో 99.9 అన్న ఒక్క అంకె చూపించి ఊరుకోవడం కొనేవాళ్లను మోసగించడమే.

అపోహ: "ప్రభుత్వానికి చట్టంలో మినహాయింపు ఉంది."

వాస్తవం: 2023 డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్‌లోని విస్తృత మినహాయింపు కేంద్రం నోటిఫై చేసిన సంస్థలకే, ప్రతి ఆఫీసుకూ కాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. దాన్ని తగ్గించాలంటే చట్టం, న్యాయమైన ప్రయోజనం, దానికి తగిన మోతాదు మూడూ ఉండాలి. సర్వర్‌లోని ముఖాలను సొంత ఏఐ మోడల్ శిక్షణకు కాపీ చేసుకునే అమ్మకందారుకు ఆ మినహాయింపు అండగా రాదు.

అపోహ: "షరతులు పెడితే టెండర్ పోతుంది."

వాస్తవం: బిడ్‌లో షరతు రాస్తే తిరస్కరణ దాదాపు ఖాయం, ఇది నిజమే. బిడ్లు వేయడానికి ముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో లిఖితపూర్వక ప్రశ్నగా అడగండి: ఫుటేజీ ఎన్ని రోజులకు చెరపాలి? జాబితాలో పేరు చేర్చే అధికారం ఏ హోదాకు? జవాబు టెండర్ పత్రంలో భాగమయ్యేలా చూసుకోండి. మిగతాది డిజైన్‌లోనే పెట్టవచ్చు: 30 రోజులకు దానంతటదే చెరిగిపోయే డిఫాల్ట్, ఎవరేం వెతికారో నమోదయ్యే, అడ్మిన్ కూడా దిద్దలేని లాగ్, ప్రతి వెతుకులాటకూ కేసు నంబర్. కేసు నంబర్ గడిలో "000" కొట్టినా ఒప్పుకునేలా వదిలేస్తే మాత్రం ఇదంతా వృథా. నంబర్‌ను స్టేషన్ రికార్డుతో సరిచూసే ఏర్పాటు ఇన్‌స్టలేషన్ రోజే పూర్తి కావాలి.